తెలిసిన లెక్క ఎందుకు తప్పుతుంది?

ఇద్దరూ లెక్కలు చెప్పేవారే. మాస్టారు విజయవాడలో జూనియర్ కాలేజీ గణిత అధ్యాపకులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఎంపీసీ చదువుకున్న శిష్యురాలు ఇప్పుడు హైదరాబాదు అమీర్‌పేటలో జీఆర్‌ఈ రాసే పిల్లలకు క్వాంట్, అంటే ఆ పరీక్షలోని లెక్కల భాగం, చెబుతోంది. మాస్టారి మనవరాలు ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్ చేయాలని కోరిక. అందుకోసం రాయబోయే జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్ సంస్థ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా పరీక్ష రాస్తే క్వాంట్‌లో 170కి 157 వచ్చింది. ఇరవై ఏడు ప్రశ్నల్లో తొమ్మిది తప్పు. ఇంటర్ లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు ఇక్కడ ఎందుకు తగ్గింది, స్కోరు పెరగాలంటే ఏం చేయాలి అన్నదాని మీద ఆ ఇద్దరి మధ్య నడిచిన వాదన ఇది.

మాస్టారు: పేపరంతా చూశానమ్మా. కాలిక్యులస్ లేదు, త్రికోణమితి లేదు, సంకీర్ణ సంఖ్యలు లేవు. శాతాలు, నిష్పత్తులు, సగటు, కసాగు, గసాభా, వర్గ సమీకరణాలు, త్రిభుజాలు, వృత్తాలు, కాస్త సంభావ్యత, కాస్త సాంఖ్యకశాస్త్రం. చాలావరకు పదో తరగతి గీత దాటదు. ఇందులో తొమ్మిది తప్పాయంటే పునాది కదిలిందని అర్థం. నన్నడిగితే పరీక్ష సంగతి పక్కన పెట్టి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకాలు మొదటి పేజీ నుంచి చేయించాలి.

శిష్యురాలు: పునాది కదల్లేదు మాస్టారూ. మర్నాడు అవే తొమ్మిది ప్రశ్నలు గడియారం పెట్టకుండా మళ్ళీ ఇచ్చాను. ఏడు సరిగ్గా చేసింది. నేను సాయం చేయలేదు, తను పుస్తకం తెరవలేదు. నిజంగా రానివి రెండే. ఒకటి ప్రామాణిక విచలనం మీద, ఇంకొకటి సంభావ్యత మీద. ఆ రెండింటి కోసం మూడు తరగతుల పుస్తకాలు తిరగేయనక్కర్లేదు, రెండు సాయంత్రాలు చాలు. మిగిలిన ఏడూ పరీక్ష రాసే తీరులో పోయినవే. దిద్దాల్సింది ఆ తీరునే.

మాస్టారు: ఆ ఏడింటినీ అంత తేలిగ్గా తీసిపారేయకు. తప్పని ముందే తెలిసిన ప్రశ్న మళ్ళీ చేతికిస్తే ఎవరైనా రెండోసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుతారు. ఇందులో ఏదో మెలిక ఉందని నువ్వే చెప్పినట్టయింది. అసలు పరీక్షలో ఆ హెచ్చరిక ఉండదు. మెలికను తనంతట తాను పసిగట్టగలిగితేనే లెక్క వచ్చినట్టు.

శిష్యురాలు: ఆ మాట కాదనను. అయితే పసిగట్టే చూపు పదో తరగతి పుస్తకం మొదటి పేజీ నుంచి చేస్తే వస్తుందా? ఈ పరీక్ష నడక చూడండి. 2023 సెప్టెంబరులో జీఆర్‌ఈని బాగా కుదించారు. ఇప్పుడు మొత్తం గంటా యాభై ఎనిమిది నిమిషాలే. అందులో క్వాంట్‌కు రెండు సెక్షన్లు. మొదటిదానిలో 21 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండోదానిలో 26 నిమిషాల్లో 15. ఒక్కో ప్రశ్నకు దగ్గర దగ్గర నిమిషం నలభై అయిదు సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో చదవాలి, ఏం అడిగారో పట్టుకోవాలి, దారి ఎంచుకోవాలి, చేసి ముగించాలి.

మాస్టారు: నిమిషం నలభై అయిదు సెకన్లు తక్కువేం కాదు. మన ఎంసెట్‌లో, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అందులో 80 లెక్కలు. సగటున ఒక్కోదానికి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. మా పిల్ల ఆ పరీక్ష దాటి వచ్చింది. వేగానికి తనకు లోటు లేదు. ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది.

శిష్యురాలు: ఇక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఎంసెట్ ప్రశ్న చూడగానే అది ఏ అధ్యాయంలోదో తెలిసిపోతుంది. సూత్రం గుర్తొస్తుంది, విలువలు వేస్తే జవాబు వస్తుంది. ఇంటర్ రెండేళ్ళూ పొద్దున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా మన కాలేజీల్లో నేర్పేది ఆ గుర్తుపట్టే విద్యనే. జీఆర్‌ఈ దీనికి తలకిందులు. సూత్రం ఎదురుగానే ఉంటుంది, షరతు మాత్రం ప్రశ్నలో ఒక మూల ఉంటుంది. మన పిల్లలు సూత్రం కనబడగానే చెయ్యి కదిపేస్తారు. షరతు దగ్గరకు వచ్చేసరికి సగం లెక్క అయిపోయి ఉంటుంది.

మాస్టారు: ఏదీ, ఒకటి చెప్పు.

శిష్యురాలు: క్వాంట్ ప్రశ్నల్లో సుమారు మూడో వంతు పోలిక ప్రశ్నలు. ఎడమవైపు ఒక రాశి, కుడివైపు ఒక రాశి ఇస్తారు. జవాబులు ఎప్పుడూ ఈ నాలుగే. ఎడమది పెద్దది, కుడిది పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో తేల్చలేం. మీ మనవరాలు తప్పినదాని లాంటిదే చెబుతాను. ఎక్స్ అన్నది ఒకటి కంటే తక్కువ, సున్నా మాత్రం కాదు. ఎడమవైపు ఎక్స్ వర్గం, కుడివైపు ఎక్స్. తను ఎక్స్ అంటే అర అనుకుంది. అర వర్గం పావు. కాబట్టి కుడిది పెద్దదని పెట్టేసింది. మైనస్ ఒకటి తన తలపుకే రాలేదు. దాని వర్గం ఒకటి, అక్కడ ఎడమది పెద్దది. అంటే తేల్చలేం. అందుకే మా క్లాసులో ఒక అలవాటు చేయిస్తాను. చలరాశి కనబడితే షరతుకు లోబడి సున్నా, ఒకటి, ఒక భిన్నం, ఒక రుణ సంఖ్య, ఒక పెద్ద సంఖ్య వేసి చూడాలి.

మాస్టారు: నాకు గిట్టనిది ఇదే. ఒక మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందనుకోవడం వంటింట్లో చెల్లుతుంది, గణితంలో చెల్లదు. నీ అయిదు సంఖ్యలకూ ఎడమదే పెద్దదని వస్తే ఆరో సంఖ్యకు కూడా అలాగే వస్తుందని హామీ ఏమిటి?

శిష్యురాలు: హామీ లేదు. అన్నింటికీ ఒకే జవాబు వస్తే అది ఋజువు కాదని, అక్కడి నుంచి బీజగణితం పట్టుకోమని పిల్లలకు చెబుతూనే ఉంటాను. కానీ రెండు సంఖ్యలకు రెండు వేరు వేరు జవాబులు వచ్చాయనుకోండి?

మాస్టారు: అప్పుడు తేల్చలేమన్నది తేలిపోయినట్టే. ఎప్పుడూ ఎడమదే పెద్దదన్న మాటను కూల్చడానికి ఒక ప్రత్యుదాహరణ చాలు. అది నిక్కమైన ఋజువు, నేను కాదనలేను. అయితే ఒక్క మాట. ఎందుకు చెల్లుతుందో చెప్పి నేర్పు. విరుద్ధంగా వచ్చినప్పుడు చెల్లుతుంది, ఒకేలా వచ్చినప్పుడు చెల్లదు అన్న తేడా పిల్ల నోటితో చెప్పగలగాలి. వట్టి చిట్కాగా అందించావంటే రెండు సంఖ్యలు వేసి ఒకే జవాబు వచ్చిందని సంబరపడి గుర్తు పెట్టేస్తుంది. ఇంకో సంగతి. ఇదే లెక్కను నేనైతే ఎక్స్ వర్గంలోంచి ఎక్స్ తీసేసి, ఎక్స్ ఇంటూ ఎక్స్ మైనస్ ఒకటి అని రాస్తాను. ఎక్స్ ఒకటి కంటే తక్కువ కనుక రెండో కారణాంకం రుణాత్మకం. ఇక ఫలితం గుర్తు ఎక్స్ గుర్తు మీదే ఆధారపడుతుంది. ఎక్స్ ధనమో రుణమో చెప్పలేదు కనుక తేలదు. నీ అయిదు సంఖ్యలు వేసేలోపు ఇది అయిపోతుంది.

శిష్యురాలు: ఆ ఒక్క వరస చూడగలిగిన పిల్లకు నా పద్ధతితో పనిలేదు మాస్టారూ. అది తట్టని రోజున కూడా మార్కు పోకూడదు కదా, అందుకే నాది.

మాస్టారు: సరే. ఆ రాని రెండింటి సంగతి చెప్పు. ప్రామాణిక విచలనం తను చదివిన ఇంటర్ రెండో ఏడాది లెక్కల పేపరు 2ఏలో ఉంది. సంభావ్యత కూడా అందులోనే ఉంది. సూత్రాలు రాకుండా ఇంటర్ గట్టెక్కదు.

శిష్యురాలు: సూత్రం వచ్చు. ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న సంఖ్యలు ఒక జాబితా, 101 నుంచి 105 దాకా ఇంకో జాబితా అనుకోండి. దేని ప్రామాణిక విచలనం ఎక్కువ? ప్రతి సంఖ్యకూ వంద కలిపితే సగటు కూడా వంద జరుగుతుంది. సగటు నుంచి దూరాలు మారవు. కాబట్టి రెండూ సమానం, పెన్ను ముట్టే పనే లేదు. పరీక్షలో సంఖ్యలు ఇంత సాఫీగా లేవు. తను సగటు తీసి, తేడాలు తీసి, వర్గాలు చేసి, మూడు నిమిషాలు పోగొట్టుకుని చివరికి తప్పు తెచ్చుకుంది. ఆ సూత్రం కొలిచేది సగటు చుట్టూ సంఖ్యలు ఎంత చెదిరి ఉన్నాయన్నదాన్ని అని తను ఎప్పుడూ ఆలోచించలేదు. సంభావ్యతలోనూ ఇంతే. నాణేన్ని నాలుగుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత ఎంత? ఒక బొమ్మ, రెండు బొమ్మలు, మూడు, నాలుగు అని విడివిడిగా కలుపుకుంటూ పోయి మధ్యలో తప్పింది. ఒక్కటీ పడకపోవడం పదహారులో ఒకటి. మిగిలింది పదహారులో పదిహేను.

మాస్టారు: చూశావా, నా మాటే నువ్వూ చెబుతున్నావు. సూత్రం వచ్చింది, అర్థం రాలేదు. ఇక షరతు జారవిడిచినవి మూడున్నాయి. ఎక్స్ ప్రశ్న ఒకటి. రెండోది, పూర్ణసంఖ్య ఎన్ వర్గం పదికంటే తక్కువైతే ఎన్‌కు ఎన్ని విలువలు ఉంటాయన్నది. తను మూడంది. మైనస్ మూడు నుంచి మూడు దాకా, సున్నాతో కలిపి ఏడు. మూడోది, 10 నుంచి 99 దాకా రెండు చివరలూ కలుపుకుని ఎన్ని పూర్ణసంఖ్యలున్నాయన్నది. 99లోంచి 10 తీసేసి 89 అంది. తీసివేస్తే వచ్చేది వాటి మధ్య ఎడాల లెక్క. సంఖ్యలు ఎడాల కంటే ఒకటి ఎక్కువ, 90. వీటిని నువ్వు రాసే తీరులో తప్పులంటున్నావు. నేను అవగాహన తప్పులంటాను. ఎన్ అనగానే ఆ పిల్ల మనసులో వేళ్ళ మీద లెక్కపెట్టే సంఖ్యలే మెదులుతున్నాయి.

శిష్యురాలు: రుణ పూర్ణసంఖ్యలు ఉంటాయా అని అడగండి, ఉంటాయంటుంది. సున్నా సరిసంఖ్యేనా అంటే అవునంటుంది. ఒకటి ప్రధాన సంఖ్య కాదనీ తెలుసు. తెలియక తప్పలేదు, వేళకు గుర్తు రాక తప్పింది.

మాస్టారు: వేళకు గుర్తు రానిది తెలిసినట్టు ఎలా అవుతుంది?

శిష్యురాలు: సగం తెలిసినట్టు అవుతుంది. రెండింటినీ దిద్దే దారి వేరు కాబట్టి వేరుగా చూడమంటున్నాను. తెలియనిదానికి పాఠం చెప్పాలి. తెలిసి గుర్తు రానిదానికి మళ్ళీ అదే పాఠం చెబితే పిల్ల చెవిన పెట్టదు, ఇది నాకొచ్చు అనుకుంటుంది. దానికి చేతికి ఒక పని అలవాటు చేయాలి. ప్రశ్నలో పూర్ణసంఖ్య అని కనబడగానే చిత్తు కాగితం మీద మైనస్ గుర్తు, సున్నా గీసుకోవాలి. రెండు చివరలూ కలుపుకుని అన్న మాట కనబడితే ప్లస్ ఒకటి రాసుకోవాలి. బొమ్మ కనబడితే అది కొలత ప్రకారం గీసింది కాకపోవచ్చని గుర్తు తెచ్చుకోవాలి. ఈటీఎస్ నిబంధనల్లోనే ఉంది, జ్యామితి బొమ్మలు కొలతకు సరిపోవాలని లేదు. నిరూపక తలాలు, సంఖ్యారేఖలు, గ్రాఫులు మాత్రం కొలత ప్రకారమే ఉంటాయి. లంబకోణంలా కనబడినంత మాత్రాన 90 డిగ్రీలు అనుకోకూడదు.

మాస్టారు: చేతికి అలవాటు చేయడం మంచిదే. ఎందుకో తెలిసిన అలవాటైతేనే నిలుస్తుంది. ఇక చదవడంలో పోయినవి రెండున్నాయి, అవి చెప్పు.

శిష్యురాలు: ఒకటి గ్రాఫుల ప్రశ్న. రెండు సంవత్సరాలకు రెండు వృత్తాలు గీసి ఖర్చుల వాటాలు చూపిస్తారు. మొదటి ఏడాది మొత్తం 400, అందులో రవాణా 30 శాతం. రెండో ఏడాది మొత్తం 600, రవాణా 25 శాతం అనుకోండి. రవాణా ఖర్చు పెరిగిందా, తగ్గిందా? తను వాటా చూసి తగ్గిందంది. నిజానికి 120 నుంచి 150కి పెరిగింది. మొత్తాలు బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి, తన చూపు అక్కడిదాకా పోలేదు. రెండోది శాతాల లెక్క. ఒకరి జీతం ఇంకొకరి జీతం కంటే 25 శాతం ఎక్కువైతే, రెండోవారి జీతం మొదటివారి కంటే ఎంత శాతం తక్కువ? 25 అని పెట్టింది. 100, 125 వేసుకుని చూస్తే 125లో 25, అంటే 20 శాతం. తేడా అదే, భాగించే సంఖ్య మారింది.

మాస్టారు: ఈ రెండూ ఒకే జబ్బు. దేనిలో శాతం అని అడగకపోవడం. శాతం లెక్కకు హారమే ప్రాణం. హారం ఏమిటో చెప్పకుండా శాతం అనే మాట అనకూడదని పిల్లలకు ఏడో తరగతిలోనే చెప్పాలి.

శిష్యురాలు: ఇక మిగిలినవి రెండు. ఒకటి చిత్తులో సరిగ్గా వేసుకుని తెర మీద తప్పుగా టైపు చేసింది. ఇంకొకటి అసలు ముట్టుకోలేదు. ఒక జ్యామితి లెక్క దగ్గర అయిదు నిమిషాలు కూర్చుండిపోయి, చివరి ప్రశ్నకు సమయం లేక ఖాళీగా వదిలేసింది. ఇందులో నెగెటివ్ మార్కులు లేవు. ఖాళీ వదలడమంటే చేతికొచ్చేదాన్ని కాలదన్నుకోవడమే.

మాస్టారు: అయితే లెక్క చూద్దాం. రానివి రెండు, షరతు జారినవి మూడు, చదవడంలో పోయినవి రెండు, చేతి పొరపాటు ఒకటి, సమయం తప్పింది ఒకటి. తొమ్మిదికి తొమ్మిదీ తేలాయి. మా పిల్లను అడిగితే ఏమందో తెలుసా? తొందరలో పోయాయి తాతయ్యా అంది. తొమ్మిదింటికీ అదే జవాబు. అక్కడ నాకు కోపం వచ్చింది. తొందర అనేది కారణం కాదమ్మా. ఒకే తొందరలో ఉన్న పిల్ల పద్దెనిమిది సరిగ్గా చేసి ఈ తొమ్మిదే ఎందుకు తప్పింది? ప్రతి తప్పుకూ ఒక చోటు ఉంటుంది. ఆ చోటు మీద వేలు పెట్టి చూపించలేనంత కాలం అదే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుంది.

శిష్యురాలు: ఈ మాట మా గదిలో గోడ మీద రాయించాలి మాస్టారూ. నేను తప్పుల నోటుబుక్కు పెట్టిస్తాను. ప్రతి తప్పుకూ నాలుగు వరసలు. ప్రశ్న ఏం అడిగింది, నేను ఏం చేశాను, ఏ అడుగు దగ్గర దారి తప్పాను, ఈసారి దేన్ని చూసి ఆగాలి. తొందర, అజాగ్రత్త అన్న మాటలు మూడో వరసలో రాయకూడదని నియమం. ఒక నెల అయ్యేసరికి ఎవరి నోటుబుక్కు వారికి ఒక రూపం చూపిస్తుంది. ఒకరికి సగం తప్పులు రుణ సంఖ్యల దగ్గర, ఇంకొకరికి గ్రాఫుల హారాల దగ్గర. అప్పటిదాకా అందరికీ ఒకే మందు పోసే కోచింగు వల్ల పెద్దగా ఉపయోగం లేదు. కోచింగు చెబుతూనే ఈ మాట అంటున్నాను.

మాస్టారు: అందులో నాదో వరస కలుపు. ఆ ప్రశ్నను వారం తర్వాత జవాబు చూడకుండా మళ్ళీ చేశానా లేదా అన్నది. పిల్లలు జవాబు వివరణ చదివి తలూపుతారు. చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. తెల్లకాగితం ముందు పెడితే మొదటి వరస కూడా రాయలేరు. వివరణ చదవడం ఇంకొకరు లెక్క చేస్తుంటే చూడటం. తను చేసింది లేదు కదా.

శిష్యురాలు: ఒప్పుకున్నాను. మరి ఎన్ని ప్రశ్నలు చేయించాలంటారు? నా దగ్గరకొచ్చే పిల్లలు వేల ప్రశ్నలు చేశామని చెబుతుంటారు.

మాస్టారు: రోజుకు ఇరవై చాలు, చివరి దాకా తవ్వితే. ఒక లెక్కను రెండు దారుల్లో చేయాలి. షరతు మారిస్తే జవాబు ఎలా మారుతుందో చూడాలి. ఒక సంఖ్య 12తోనూ 18తోనూ భాగించబడితే అది తప్పకుండా 9, 24, 36, 72లలో వేటితో భాగించబడుతుంది? కసాగు 36, కాబట్టి 9, 36. ఇక్కడితో ఆగకూడదు. 24 ఎందుకు కాదో చెప్పమనాలి. 36నే తీసుకుంటే 24తో భాగించబడదు. అంతే, తేలింది. ఆ ఒక్క లెక్క నుంచి పది లెక్కలు పుడతాయి.

శిష్యురాలు: ఆ ప్రశ్న అసలు పరీక్షలో వస్తే సరైనవన్నీ గుర్తించాలి. రెండింట్లో ఒకటి పెట్టి ఒకటి వదిలేస్తే సగం మార్కు ఇవ్వరు, సున్నాయే. మీ ఇరవై లెక్కలు చదువుకు చాలు మాస్టారూ, పరీక్షకు చాలవు. ఇరవైని నిదానంగా తవ్విన పిల్లకు పరీక్ష రోజున ఏది వదలాలో తెలియదు. అది గడియారం పెట్టి పూర్తి పరీక్షలు రాస్తేనే వస్తుంది. మొదట ఈటీఎస్ వాళ్ళ సొంత ప్రశ్నలన్నీ అయిపోవాలి. వాటి తీరు, మెలిక, భాష బయటి సంస్థల ప్రశ్నల్లో అలాగే దొరకవు. బయటివి కొన్నిచోట్ల మరీ కష్టంగా, కొన్నిచోట్ల మరీ తేలిగ్గా ఉంటాయి. పవర్‌ప్రెప్‌లో ఉచిత పరీక్షలు రెండే ఉన్నాయి. ఒకటి అయిపోయింది కాబట్టి రెండోదాన్ని ఆఖరి రెండు వారాల దాకా ముట్టుకోకూడదు.

మాస్టారు: వదలడం నేర్పడమేమిటి? నేను ఏ రోజూ పిల్లలకు లెక్క వదలమని చెప్పలేదు.

శిష్యురాలు: ఇంట్లో వదలొద్దు, పరీక్షలో వదలాలి. ఒక సెక్షన్‌లో తేలిక ప్రశ్నకూ కఠిన ప్రశ్నకూ విలువ ఒకటే. రెండు నిమిషాలు దాటినా దారి దొరకని లెక్కకు ఒక జవాబు పెట్టి, మార్క్ అని గుర్తు పెట్టుకుని ముందుకు పోవాలి. అదే సెక్షన్‌లో వెనక్కి రావచ్చు. సెక్షన్ దాటితే రాలేం. పైగా మొదటి సెక్షన్‌లో ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ కష్టం మారుతుంది. స్కోరులో ఆ కష్టం కూడా లెక్కకొస్తుంది. మొదటి పన్నెండులో తెలిసిన నాలుగు పారేసుకుంటే పై స్కోరుకు దారి అక్కడే ఇరుకైపోతుంది. మొండి జ్యామితి లెక్క ఒకటి చేశానన్న తృప్తి కోసం రెండు తేలిక లెక్కలు బలి పెట్టకూడదు.

మాస్టారు: ఏది ముందు, ఏది వెనక అని ఎంచుకోవడమూ వివేకమేలే. మరి ఆ కాలిక్యులేటర్? అది ఇచ్చాక బుర్రకు పని ఏముంది?

శిష్యురాలు: తెర మీద ఇస్తారు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం. ఒక్కో అంకె నొక్కాలి. 15 శాతం కట్టడానికి కూడా దాన్ని తెరిచే పిల్లల సమయం అక్కడే కరిగిపోతుంది. గ్రాఫుల్లో చిక్కైన భాగహారాలకు మాత్రమే వాడమంటాను. ముందు ఉజ్జాయింపు వేసుకోవాలి. 412లో 19 శాతం ఎంత అంటే 80కి కాస్త తక్కువ అని మనసులో తట్టాలి. తెర మీద 782.8 వచ్చిందంటే దశాంశ బిందువు ఎక్కడో జారిందని వెంటనే తెలుస్తుంది.

మాస్టారు: ఇది నాకు నచ్చింది. ఉజ్జాయింపు వేయగల పిల్లకు లెక్క మీద అదుపు ఉన్నట్టే. ఎక్కాలు, ఇరవై దాకా వర్గాలు, భిన్నాలకు శాతాలు మళ్ళీ నోటికి రావాలి. ఇది మాత్రం నాకు వదిలెయ్.

శిష్యురాలు: తప్పకుండా. ఈటీఎస్ వాళ్ళే మ్యాథ్ రివ్యూ అని ఉచితంగా ఒక పాఠం ఇస్తారు. పరీక్షకు కావలసిన గణితమంతా అందులో ఉంది. మూడు తరగతుల పుస్తకాలకు బదులు మీరు అది చెప్పండి. ఇంగ్లిషులో ఉండటం కూడా మంచిదే. పరీక్షలో ఎట్ లీస్ట్, డిస్టింక్ట్, నాన్ నెగెటివ్, కన్‌సెక్యూటివ్ లాంటి మాటల దగ్గర మన పిల్లలు, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు, ఒక క్షణం తడబడతారు. ఆ మాటలు కళ్ళకు అలవాటు కావాలి.

మాస్టారు: ఇంతకీ ఎంత స్కోరు కోసం ఈ పాట్లు? అసలు జీఆర్‌ఈ అక్కర్లేదని అక్కడి యూనివర్సిటీలు చాలా అంటున్నాయట కదా.

శిష్యురాలు: 2020 తర్వాత చాలా కోర్సులు తప్పనిసరి కాదన్నాయి, నిజమే. కొన్ని ఇప్పటికీ అడుగుతున్నాయి, కొన్ని ఇస్తే చూస్తాం అంటున్నాయి. డిగ్రీలో మార్కులు కాస్త తగ్గిన పిల్లకు తన సత్తా చూపించుకోవడానికి ఇది ఒక అవకాశం. అయితే పోటీ గట్టిది. భారత్, చైనాల నుంచి ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో రాస్తారు. అందుకే క్వాంట్‌లో 170కి 170 వచ్చినా ఇటీవలి పట్టికల్లో పర్సంటైల్ తొంభైకి కాస్త పైనే. 160 అంటే ఇంచుమించు సగం మంది దగ్గర ఆగినట్టు. మీ మనవరాలు 165 దాటాలి. ఆ తొమ్మిదిలో అయిదారు తిరిగి తెచ్చుకుంటే అది అందని స్కోరేమీ కాదు.

మాస్టారు: ఆ తర్వాత 168 వచ్చిందని ఏడుస్తూ మళ్ళీ రాస్తానంటే?

శిష్యురాలు: వద్దంటాను. 21 రోజుల ఎడంతో ఏడాదిలో అయిదుసార్ల దాకా రాయనిస్తారు. పంపే స్కోరు మనమే ఎంచుకోవచ్చు. స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది. అలాగని ఒకటి రెండు మార్కుల కోసం ఇరవై వేల పైచిలుకు ఫీజు, ఇంకో నెల కాలం ధారపోయడం దండగ. ఆ నెల తన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మీదో, ప్రాజెక్టు మీదో పెడితే ఎక్కువ పనికొస్తుంది. కానీ 157తో ఆగిపోవడమూ సరికాదు. అది తన సత్తాకు తగిన అంకె కాదు.

మాస్టారు: సరే, పని పంచుకుందాం. మొదటి మూడు వారాలు నావి. మ్యాథ్ రివ్యూ, నోటి లెక్కలు, ఆ తొమ్మిది తప్పుల వేళ్ళు. గడియారం ఉండదు.

శిష్యురాలు: తర్వాతి మూడు వారాలు నావి. ఈటీఎస్ ప్రశ్నలు, సెక్షన్ కొలతతో గడియారం, రోజూ తప్పుల నోటుబుక్కు. ఆఖరి రెండు వారాలు పూర్తి పరీక్షలు. ప్రతి పరీక్ష తర్వాత ఒక రోజు తప్పులకే. ఆ రోజున కొత్త లెక్క ముట్టుకోవడం ఉండదు. అయినా మాస్టారూ, మీకూ నాకూ ఒకచోట కుదరడం లేదు. లెక్క వస్తే స్కోరు దానంతట అదే వస్తుందని మీరంటారు. రాదని నేనంటాను. వచ్చిన లెక్కను నలభై ఏడు నిమిషాల్లో తెర మీద పెట్టడం విడిగా నేర్చుకోవాలి.

మాస్టారు: అది విడి విద్యేనని ఇవాళ ఒప్పుకుంటున్నాను. కానీ స్కోరు వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్టని మాత్రం నేను ఒప్పుకోను. అందుకే మూడు వారాలు నాకు కావాలన్నాను. ఆ పిల్ల చదవబోయేది డేటా సైన్స్. అక్కడ హారం చూడకుండా శాతం చెబితే పోయేది ఒక మార్కు కాదు. ఒక ఆసుపత్రి మందుల లెక్కో, ఒక ఊరి నీళ్ళ లెక్కో తప్పుతుంది. షరతు చదవని అలవాటు అక్కడికి వెళ్ళాక మానుకుంటానంటే కుదరదు. ఇక్కడ, ఈ పరీక్ష సాకుగా మానుకుంటే మాత్రం పరీక్ష కోసం పెట్టిన ప్రతి గంటా తనకు మిగులుతుంది.

శిష్యురాలు: మీరన్న ఆ మూడు వారాలకు నేను అడ్డు చెప్పను. ఒక్కటే అడుగుతాను. చివరి రెండు వారాల్లో పూర్తి పరీక్ష రాసే రోజున మీరూ పక్కన గడియారం పెట్టుకుని రాయండి. ఆ నిమిషం నలభై అయిదు సెకన్లలో ఏం జరుగుతుందో మీకు తెలిస్తే, పిల్లకు ఎక్కడ ఆగమని చెప్పాలో ఇంకా బాగా తెలుస్తుంది.

మాస్టారు: రాస్తాను. నా తప్పులకూ నోటుబుక్కు పెడతాను. మూడో వరసలో తొందర అని రాయను.